గంగమ్మ మిట్ట ప్లిమత్ కారు

పాఠక మహాశయులారా! కారు కొనాలనుకుంటున్నారా? కొనండి. కానీ కదిలే కారు మాత్రం కొనకండి!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. కదిలే కారుకు పెట్రోలు కావాలి, డ్రైవరు కావాలి, బావమరిది పెళ్లికి అడిగితే ఇవ్వాలి. కదలని కారుకు ఈ బాధలేవీ లేవు. పొగ రాదు. హారన్ మోగదు. గేదె అడ్డమొస్తే తప్పు గేదెదా మనదా అని నడిరోడ్డు మీద పంచాయితీ ఉండదు. కారున్నవాడన్న పేరు మాత్రం చక్కగా వస్తుంది. మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

నమ్మకం కుదరకపోతే పుంగనూరు రామమూర్తి కథ వినండి.

పుంగనూరు దాటి మదనపల్లె వైపు వెళ్తుంటే గంగమ్మ మిట్ట అనే చోట రామమూర్తికి ఇనుప సామాన్ల అంగడి ఉండేది. మేకులు, బోల్టులు, గొళ్లాలు, పెయింటు డబ్బాలు అమ్మేవాడు. చుట్టుపక్కల వాళ్లంతా సెట్టీ అని పిలిచేవాళ్లు. అంగడి వెనకే ఇల్లు. నలభై రెండేళ్లు వచ్చేదాకా ఆయనకు ఏ దురలవాటూ లేదు. బీడీ ముట్టడు, పేక పట్టడు, సినిమాకు వెళ్లినా ఇంటర్వెల్లో లేచి వచ్చేస్తాడు. ఈ సంగతి ఆయన భార్య రుక్మిణమ్మ నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. దిష్టి తగలకుండా ఎట్లా ఉంటుంది చెప్పండి?

తగిలింది. 1994లో రామమూర్తి కుప్పంలో ఒక పెళ్లికి వెళ్లాడు. భోంచేసి చెయ్యి కడుక్కుందామని పెరట్లోకి వెళితే, చింతపండు గోడౌను పక్కన ఒక కారు కనబడింది. అమెరికా కారు. 1951 ప్లిమత్. నాలుగు తలుపులు, గుండ్రటి వీపు, గంగాళమంత హెడ్‌లైట్లు. ఒకప్పుడు ఎవరో దొర ఎక్కి తిరిగిన బండి. దొర నుంచి ఒక జమీందారుకు, జమీందారు నుంచి టాక్సీవాడికి, టాక్సీవాడి నుంచి కోళ్లకు చేరింది. వెనక సీట్లో ఒక పెట్ట గుడ్లు పొదుగుతోంది.

రామమూర్తి కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు. తడి చెయ్యి తుడుచుకోవడం కూడా మరిచిపోయి బానెట్ మీద పెట్టాడు. దుమ్ము కింద ముదురు ఆకుపచ్చ రంగు తళుక్కుమంది. అంతే! పెళ్లికొడుక్కి పెళ్లికూతురు నచ్చిందో లేదో గానీ, రామమూర్తికి మాత్రం ఆ పెళ్లిలో సంబంధం కుదిరిపోయింది.

వారం తర్వాత లారీ ఒకటి గంగమ్మ మిట్ట దగ్గర ఆగింది. అంగడి పక్కన ఖాళీ జాగాలోకి పదిమంది కలిసి కారును దించారు. రుక్మిణమ్మ చేతిలో చేట పట్టుకుని బయటికొచ్చింది.

"ఏందయ్యా ఇది?"

"కారు."

"కారా? ఇంజను యాడుండాది?"

"ఎతకల్ల."

"సక్రాలు?"

"రెండుండాయి గదా!"

రుక్మిణమ్మ కారు చుట్టూ ఒక్క ప్రదక్షిణం చేసింది. అరవలేదు, ఏడవలేదు. "ఇది కదిలిన దినం నన్ను పిలువు. ముందర సీట్లో కూసోని మదనపల్లెకొస్తా. అంతదాకా దీన్ని నేను సేత్తో గూడా తాకను" అని చేటతో లోపలికి వెళ్లిపోయింది. ఆమె అన్నమాట తప్పే మనిషి కాదు. రామమూర్తికి ఆ సంగతి తెలుసు. తెలిసే ఆ సాయంత్రం చక్రాలు లేని చోట ఇటుకలు పెట్టి, మీద రేకుల కప్పు వేయించాడు.

అమెరికా కార్ల రోగానికి మన ప్రాంతంలో ఒకడే వైద్యుడు. కుప్పం మునెప్ప. అరవై దాటిన మనిషి, వేలి గోళ్ల కింద ముప్పై ఏళ్ల నాటి గ్రీజు. ఆ కాలపు టాక్సీలన్నిటికీ పురుళ్లు పోసిన చెయ్యి. రామమూర్తి కబురు పంపితే వచ్చి, బానెట్ ఎత్తి, గోనెసంచులు తప్ప మరేమీ లేని ఆ గుంతలో చెవి పెట్టి విన్నాడు.

"ఉండాదప్పా" అన్నాడు.

"ఏముండాది?"

"పానం."

"ఇంజనే లేదు గదా మునెప్పా!"

"ఇంజను లేకుంటే ఏమప్పా? ఇంజన్లుండి పానం లేని బండ్లు రోడ్డు మీద యెన్ని పోతాండాయి!"

ఇంత గట్టి తర్కం విన్నాక ఎవడు ఆగుతాడు? ప్రతి మంగళవారం మునెప్ప రెండు బస్సులు మారి వచ్చేవాడు. మధ్యాహ్నానికి చేరి, రుక్మిణమ్మ పెట్టిన రాగిసంగటి తిని, రెండు గంటలు పని చేసి, తిరుగు బస్సుకు చెయ్యి కడుక్కునేవాడు. బస్సు వచ్చేది కాదు. సరేనని మళ్లీ రెంచి పట్టుకుని ఇంకో రెండు గంటలు పని చేసేవాడు. కాబట్టి ఈ కారు బాగుపడటంలో సగం పుణ్యం ఆలస్యంగా వచ్చే బస్సులకే దక్కాలి!

ఇక విడిభాగాల వేట. ఆదివారం వస్తే రామమూర్తి బెంగళూరు పాత ఇనుము గుజరీ అంగళ్లలో మోకాళ్ల మీద కూర్చుని తుప్పు కుప్పలు తవ్వేవాడు. తక్కువైన రెండు చక్రాలు అక్కడే దొరికాయి. కారు తలుపులు తుప్పు పట్టి ఊడొస్తుంటే, పెద్దమండ్యం దగ్గర ఒక పల్లెలో అచ్చం అలాంటి కారు తలుపులే మేకల దొడ్డికి బిగించి ఉన్నాయని తెలిసి పరుగెత్తాడు. తలుపులు బంగారంలా ఉన్నాయి. కాకపోతే మేకలు హ్యాండిలు తిప్పడం నేర్చేసుకున్నాయి! ఇంజను బి.కొత్తకోట పక్కన దొరికింది. ఎప్పుడో చచ్చిపోయిన డాడ్జి కారు ఇంజను అది, వేరుశనగ చేలో బావి మీద కూర్చుని ఇరవై ఏళ్లుగా నీళ్లు తోడుతోంది. మునెప్ప దాన్ని చూసి దండం పెట్టాడు. "రెండూ ఒక్క కంపెనీ కడుపున పుట్టిన బిడ్డలప్పా, సరిపోతాది" అన్నాడు. రామమూర్తి రైతుకు కొత్త మోటారు కొనిచ్చి ఇంజను అడిగితే, ఆ రైతు ముక్కున వేలేసుకున్నాడు.

"ఇది అమెరికాదా సామీ? అందుకేనా మా సెనక్కాయలు అంత లావుగా కాస్తాండాయి!"

ఇలా ఏళ్లు గడుస్తున్నాయి. కారు కదలలేదు. ఇక్కడే అసలు మహిమ మొదలైంది.

గంగమ్మ మిట్ట బస్సు ఆగే చోటు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు మదనపల్లె మార్కెట్టుకు వెళ్లాలంటే అక్కడికే నడిచి వచ్చి నిలబడాలి. నిలబడాలి అన్నానా? అవును, నిలబడటమే. తల దాచుకోను చూరు లేదు, కూర్చోను బండ లేదు. చౌడేపల్లె వైపు పల్లె నుంచి పాపక్క అనే ఆమె రోజూ వెన్న గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఆ ఎండలో బస్సు గంట ఆలస్యమైతే వెన్న కరిగిపోయేది. రెండు గంటలైతే, నన్నడిగితే, నెయ్యిగానే అమ్ముకోవచ్చు!

1996లో ఒక పొద్దున జోరువాన. పాపక్క అటూ ఇటూ చూసి, మేకల దొడ్డి నుంచి తెచ్చిన తలుపు తీసి, ప్లిమత్ వెనక సీట్లో కూర్చుంది. రామమూర్తి అంగట్లోంచి చూశాడు. వానలో ఆడమనిషిని దిగమని ఎట్లా అంటాడు? మరుసటి రోజు వాన లేదు. అయినా పాపక్క కూర్చుంది, పక్కన ఇద్దరిని కూర్చోబెట్టుకుంది. నెల తిరిగేసరికి పద్ధతులు కూడా ఏర్పడిపోయాయి. ముసలివాళ్లకు, కడుపుతో ఉన్నవాళ్లకు వెనక సీటు. మగవాళ్లు ముందర. స్టీరింగు దగ్గర కూర్చునే గౌరవం ఎవరు ముందు వస్తే వాళ్లది.

ఆ కారు చేసిన మేలు ఇంతా అంతా కాదు! వెనక సీట్లో మూడు పెళ్లి సంబంధాలు మాట్లాడుకున్నారు, మూడూ కుదిరాయి. ఎందుకు కుదరవు? బస్సు వచ్చేలోగా ఏడు తరాల చరిత్ర రెండుసార్లు చెప్పుకోవచ్చు! అన్నదమ్ముల గట్టు తగాదా ఒకటి అందులోనే తీరింది. ఒక మంగళవారం పొద్దున తలుపులు బిగుసుకుపోతే మధ్యాహ్నం మునెప్ప వచ్చేదాకా ఇద్దరూ ఒకే సీట్లో కూర్చోవలసి వచ్చింది. రాజీ పడక ఏం చేస్తారు? ఇన్నేళ్లలో ఒక్క యాక్సిడెంటు లేదు. ఇంత సురక్షితమైన వాహనం దేశంలో ఇంకొకటి ఉంటే చూపించండి!

1999లో ప్యాంటు వేసుకున్న ఒకాయన కెమెరాతో వచ్చి కారును నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసుకున్నాడు. పేపరాయన అనుకుని రామమూర్తి తల దువ్వుకుని పక్కన నిలబడ్డాడు. "మీరు కొంచెం పక్కకు జరగండి, జనం పడల్ల" అన్నాడాయన. మూడు నెలలు రామమూర్తి అన్ని పేపర్లూ కొన్నాడు. ఎందులోనూ పడలేదు.

ఇన్ని మంచి పనుల మధ్య రామమూర్తికి ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. తను తుడిచిన సీటు మీద ఊళ్లోవాళ్లందరూ కూర్చునేవాళ్లు, రుక్మిణమ్మ తప్ప. వేసవి వస్తే ఆమె కారులో ఉన్నవాళ్లందరికీ మజ్జిగ ఇచ్చేది. గ్లాసు కిటికీ దాకా చాచేది. చీర కొంగు కూడా తలుపుకు తగలనిచ్చేది కాదు. ఆ జానెడు దూరం చూసినప్పుడల్లా రామమూర్తి అంగట్లోకి వెళ్లి మేకుల డబ్బాలు అటువి ఇటు, ఇటువి అటు సర్దేవాడు.

2003 ఆగస్టులో ఒక మంగళవారం. మునెప్ప కార్బురేటరులో మూతితో గాలి ఊది, బిగించి, "సెల్ఫు కొట్టప్పా" అన్నాడు. వెనక సీట్లో పాపక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు బస్సు కోసం చూస్తున్నారు. వాళ్లను దిగమనాలని కూడా ఎవరికీ తోచలేదు. ఏళ్ల తరబడి కొడుతున్నదే కదా!

రామమూర్తి కొట్టాడు. బండి దగ్గింది. మళ్లీ కొట్టాడు. బావిలో బిందె పడ్డట్టు ఒక్క చప్పుడు చేసి, తర్వాత మెల్లగా, మెత్తగా, నిండుగా తిరగడం మొదలుపెట్టింది. మునెప్ప కళ్లు మూసుకున్నాడు. వెనక సీట్లో ఇద్దరూ కేకలు పెడుతూ దూకారు. పాపక్క మాత్రం గిన్నె గట్టిగా పట్టుకుని కదలకుండా కూర్చుంది.

"సెట్టీ, దీన్ని కదిలిస్తావా ఏంది?"

"కదిలిచ్చేదానికే గదా పాపక్కా ఇన్నేండ్లు కష్టపడింది!"

"కదిలిస్తే మేము యాడ కూసోవల్ల?"

న్యాయమైన ప్రశ్న. అంతలో ఇంటి తలుపు తెరుచుకుంది. రుక్మిణమ్మ వచ్చింది. అప్పటికప్పుడు వంకాయరంగు పట్టుచీర కట్టుకుంది. ఎవరూ పిలవలేదు. చప్పుడే పిలిచింది. పాపక్క దిగబోయింది.

"దిగొద్దులే పాపక్కా. బస్సు కోసరం కూసున్న్యావు గదా, ఇదే బస్సనుకో" అంది రుక్మిణమ్మ.

అని ముందు తలుపు పిడి పట్టుకుంది. తొమ్మిదేళ్లలో మొదటిసారి. తీసి, కూర్చుని, కొంగు సర్దుకుంది. ఇటుకలు తీశారు. ప్లిమత్ కారు తన వయసుకు తగ్గ మర్యాదతో రోడ్డెక్కింది.

రెండు మైళ్లు దాటారు. సీటు సందులో చెయ్యి పెడితే రుక్మిణమ్మకు ఒక హెయిర్‌పిన్ను, నాలుగు చింతగింజలు, ఎవరిదో చిరిగిన టికెట్టు దొరికాయి.

"ఊరంతా కూసున్నారు దీంట్లో" అంది.

"నిన్ను గూడా కూసోమన్న్యా గదా రుక్మిణీ, ఎన్నిమార్లో!"

"కూసోమన్న్యావు. పోదామనల్యా."

రామమూర్తి రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. తిప్పితే కళ్లు తుడుచుకోవాలి, తుడుచుకుంటే స్టీరింగు వదలాలి. వెనక నుంచి పాపక్క, "ముందర సూసి తోలు సెట్టీ, నా యెన్న ఒలుకుతాది" అంది. కొంచెం దూరం పోయాక దారి పక్కన బస్సు ఆగి ఉంది. దాని బానెట్ ఎత్తి ఉంది, జనం చెట్టు కింద ఉన్నారు. వాళ్లను దాటేటప్పుడు రామమూర్తి హారన్ రెండుసార్లు కొట్టాడు. మనిషన్నాక ఆ మాత్రం గర్వం ఉండొద్దా?

మదనపల్లెలో కాఫీ తాగి, రుక్మిణమ్మకు కనకాంబరాలు కొని, సాయంత్రానికి తిరిగొచ్చేసరికి ఖాళీ జాగాలో ఇద్దరు ఆఫీసువాళ్లు టేపు పట్టుకుని నిలబడి ఉన్నారు. అది ఏ ఆఫీసో నేను చెప్పను. అలాంటిది అన్ని చోట్లా ఉంటుంది కాబట్టి మీకు నచ్చిన ఆఫీసు అనుకోండి.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. గంగమ్మ మిట్టలోని ప్రయాణికుల విశ్రాంతి కట్టడమును మీరు అనుమతి లేకుండా తొలగించినందున మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపుడి!

రామమూర్తి నోటీసు పట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. గుమాస్తా ఒక లావు ఫైలు తెరిచాడు. అందులో ఆ ప్యాంటాయన తీసిన ఫొటో. రేకుల కప్పు, దాని కింద ప్లిమత్, కిటికీలోంచి పాపక్క నవ్వు.

"ఇది మీ తావే గదా?"

"నా తావే సామీ. నా కారు!"

"కారని ఈడ రాసిలేదే. ఆఫీసు సొమ్ముతో కట్టించిన కప్పు గల కట్టడము, కిటికీలు నాలుగు, తలుపులు నాలుగు, ఆసనములు రెండు వరసలని రాసుండాది. సరిగ్గా ఉండాదా లేదా?"

రామమూర్తి లెక్క చూసుకున్నాడు. నిజమే. సరిగ్గానే ఉంది!

"మేము యేటేటా రంగు గూడా యేయిస్తాండాం" అన్నాడు గుమాస్తా.

"రంగేసింది నేను గదప్పా! నా అంగడి పెయింటు!"

"ఎవురేస్తే ఏమి? రంగయితే పడిండాది గదా. ఏడు దినాల్లో కట్టడాన్ని దాని తావులో పెట్టేయండి. లేకుంటే కేసయితాది."

ఇంటికొచ్చి రామమూర్తి అరుగు మీద కూలబడ్డాడు. తొమ్మిదేళ్ల కష్టం మళ్లీ ఇటుకలెక్కాలా? పెడితే భార్యను తిప్పిన బండి చచ్చిపోతుంది. పెట్టకపోతే తాను కోర్టుల చుట్టూ తిరగాలి. రుక్మిణమ్మ నోటీసు రెండుసార్లు చదివించుకుని విన్నది. "రేపు పొద్దున బండి తియ్యి" అంది.

మరునాడు ప్లిమత్‌లో ఏడుగురు ఆడవాళ్లు ఆఫీసు ముందు దిగారు. వెన్న గిన్నె, బీన్సు గంప, రెండు కోళ్లతో సహా. దిగి నేరుగా లోపలికి వెళ్లి కుర్చీల్లో కూర్చున్నారు. ఆఫీసరు గారు గదిలోంచి బయటికొచ్చారు.

"ఎవరమ్మా మీరు? ఏం కావాలి?"

"బస్సు కావల్ల" అంది పాపక్క. "మా షెల్టరు పోయిందంట గదప్పా. బస్సొచ్చేదాకా ఈడ కూసుంటాం."

"ఇది ఆఫీసమ్మా! షెల్టరు కాదు!"

పాపక్క నిదానంగా చుట్టూ చూసింది. "కప్పుండాది. కిటికీలు నాలుగుండాయి. పైన ఫ్యాను తిరగతాండాది. పనేమో ఏం జరగల్యా. షెల్టరే గదప్పా ఇది!"

ఫైలు ప్రకారం చూసినా ఆమె వాదనలో తప్పు దొరకలేదు. ఒకరోజు కాదు, నాలుగు రోజులు వచ్చారు. రెండో రోజు ఇరవై మంది అయ్యారు. మూడో రోజు ఒక కోడి ఆఫీసరు గారి టేబులు మీద గుడ్డు పెట్టింది. దాన్ని ఏ రిజిస్టరులో ఎక్కించాలో తెలియక ఆఫీసు మధ్యాహ్నం దాకా స్తంభించింది. నాలుగో రోజు ఆఫీసరు గారు రుక్మిణమ్మను లోపలికి పిలిచి కుర్చీ వేయించారు.

"అమ్మా, మీకేం కావాలో చెప్పండి."

"కాగితంలో ఏముండాదో అది మిట్ట మీద ఉండల్ల. మిట్ట మీద లేంది కాగితంలో ఉండగూడదు. అంతే సామీ" అంది రుక్మిణమ్మ.

నోటీసు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రెండు నెలల్లో గంగమ్మ మిట్టలో నాలుగు స్తంభాలు, ఒక స్లాబు లేచాయి. షెల్టరు కంటే బోర్డు పెద్దది. కూర్చోవడానికి బెంచీ మాత్రం లేదు, అది రెండో విడతట. అయినా నీడంటూ పడింది. పాపక్క గిన్నెలో వెన్న వెన్నగానే మార్కెట్టు చేరుతోంది.

రామమూర్తి రోగం మాత్రం తగ్గలేదు, ముదిరింది. మరుసటి ఏడు కుప్పం అవతల నుంచి ఒక షెవర్లే కారు తెచ్చి, ప్లిమత్ జాగాలో ఇటుకల మీద ఎక్కించాడు. పొడుగాటి బండి, ఓడలాంటిది. ఇంజను లేదు, చక్రాలు అసలే లేవు. ఈసారి రుక్మిణమ్మే దగ్గరుండి దించించింది. మునెప్ప దాని గుంతలో చెవి పెట్టి వింటూండగా కొండకిందపల్లె నుంచి నలుగురు మనుషులు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"సెట్టీ, ఇది కదుల్తాదా?" అని అడిగాడు వాళ్లలో పెద్దాయన.

"ఇప్పుడే యాడప్పా! నాలుగైదేండ్లు పడతాది" అన్నాడు రామమూర్తి.

వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి.

"అయితే అందాక మాకియ్యి సెట్టీ. మా వూర్లో రెండు రూముల బడి కట్టినట్టు కాగితాల్లో ఉండాదంట. అయివారొచ్చినాడు, పిల్లోళ్లుండారు. రూములే లేవు. ముందర సీట్లో ఒకటో తరగతి, యనక సీట్లో రెండో తరగతి కూసుంటారు."

మునెప్ప చెయ్యి తుడుచుకుని, కారు వెనక్కి వెళ్లి, డిక్కీ మూత ఎత్తి లోపలికి చూశాడు.

"పెద్దదే ఉండాదప్పా" అన్నాడు. "మూడో తరగతికి సరిపోతాది."